చిన్నపిల్లలతో కారు ప్రయాణం: ముందు మజిలీలు, ఆ తరువాతే కిలోమీటర్లు

సెలవులకు హైదరాబాద్ నుంచి కారులోనే అరకు వెళ్దామని ఇంట్లో మాట వస్తే ముందుగా చూసేది ఫోనులో మ్యాపు. విశాఖపట్నం దాకా 620 కిలోమీటర్లకు పైమాటే, అక్కడి నుంచి అరకుకు మరో 115. విశాఖ వరకు పదకొండు, పన్నెండు గంటలు పడుతుందని మ్యాపు చెబుతుంది. "రాత్రి తొమ్మిదింటికి భోంచేసి బయల్దేరితే తెల్లారేసరికి బీచిలో ఉంటాం" అని ఎవరో ఒకరు లెక్క తేల్చేస్తారు. ఆ లెక్కలో పెట్రోలు ఉంటుంది, టోలు ఉంటుంది, హోటల్ గది ఉంటుంది. వెనక సీట్లో కూర్చోబోయే రెండేళ్ల పిల్ల మాత్రం ఉండదు. మ్యాపు చెప్పే గంటలు ఎక్కడా ఆగని కారువి. ఆ కారులో ఎవరికీ ఆకలి వేయదు, ఎవరూ డైపరు తడపరు, ఎవరికీ కడుపులో తిప్పదు. అందుకే చిన్నపిల్లలున్న ప్రయాణాన్ని దూరంతో మొదలుపెట్టి ఆలోచించడమే తప్పంటాను. కారులో అందరికంటే చిన్నవాళ్లు ఎంతసేపు కూర్చోగలరు, ఎప్పుడు తింటారు, ఎప్పుడు పడుకుంటారు అన్నవి చూసుకుని మజిలీలు ముందు ఖాయం చేయాలి. వాటి మధ్య ఎన్ని కిలోమీటర్లు పడితే అన్నే వెళ్లాలి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి అది రోజుకు 300 కిలోమీటర్లు దాటకూడదు. ఆ 300 కూడా పగటిపూటే.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో, కాశీకి కాలినడకన బయల్దేరిన యతికి తోడు రావడానికి ఒక గొల్లపిల్లవాడు షరతు పెడతాడు. దారిలో తనకు వింతగా తోచినదాని గురించి అడుగుతాడు, మజిలీ చేరగానే యతి ఆ కథ చెప్పాలి. ఒప్పుకున్నాకే వాడు కదులుతాడు. మన పిల్లలకు అలా ముందుగా షరతు పెట్టే వీలు మనం ఇవ్వం కాబట్టి, వాళ్లు ఏ కోదాడ దగ్గరో ఏడుపు రూపంలోనో వాంతి రూపంలోనో పెడతారు. వాళ్ల ఒంటికి ఉన్న హద్దులు తెలిస్తే ఇందులో పంతమేమీ లేదని అర్థమవుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు తల ఒక్కటే ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, దాన్ని మోసే మెడకు ఇంకా బలం ఉండదు. సీట్లో ఒరిగి చాలాసేపు నిద్రపోతే గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరికి ఇబ్బంది కలగవచ్చు. అందుకే పసిపిల్లల్ని రెండు గంటలకు మించి ఒకే బిగిన సీట్లో ఉంచవద్దని భద్రతా మార్గదర్శకాలు చెబుతాయి, నెలల పిల్లలైతే ఇంకా ముందే దించమంటాయి. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా మరో చిక్కు ఉంది. కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంటే, ఎదురుగా సీటు వెనక భాగాన్నో ఫోను తెరనో చూస్తున్న కళ్లు కదలడం లేదంటాయి. ఈ తగాదా మెదడుకు చేరి కడుపులో తిప్పుతుంది. ఈ వయసులోనే అది ఎక్కువ. నాలుగేళ్లవాణ్ణి మూడు గంటలు కదలకుండా కూర్చోమనడం పెంపకానికి పరీక్ష కాదు, జరగని పని.

మజిలీల కంటే ముందు తేలాల్సింది ఒకటుంది. పిల్ల ఎక్కడ కూర్చుంటుంది? అమ్మ ఒడిలో అన్నది మన ఇళ్లలో సర్వసాధారణమైన జవాబు. అంతకంటే భద్రమైన చోటు ఉంటుందా అని అడుగుతారు కూడా. ప్రేమకు అది భద్రమైన చోటే, బ్రేకుకు కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. పది కిలోల బిడ్డను ఆ క్షణంలో పట్టి ఆపడానికి దాదాపు 170 కిలోల బరువును ఆపేంత బలం కావాలి. ఎంత తల్లి చేతులైనా అంత బరువును నిలపలేవు. తల్లికి కూడా బెల్టు లేకపోతే ఆమె బరువంతా బిడ్డ మీదే పడుతుంది. ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంటే మరీ ప్రమాదం, ఎందుకంటే ఎయిర్‌బ్యాగు కన్ను మూసి తెరిచేలోపు పెద్దల ఛాతీని దృష్టిలో పెట్టుకుని తెరుచుకుంటుంది, బిడ్డ తలను కాదు. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటును ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీటు మీద ఎప్పుడూ పెట్టకూడదని చెప్పేది కూడా ఇందుకే. చైల్డ్ సీట్ల వల్ల పసిపిల్లల మరణాలు దాదాపు 70 శాతం తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యూరప్ కొత్త నిబంధనల ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి. ఆ తరువాత ముందుకు తిరిగే సీటు, దాని తరువాత బూస్టరు. పెద్దల బెల్టు మెడ మీదుగా కాకుండా భుజం మీదుగా, పొట్ట మీదుగా కాకుండా తొడల మీదుగా రావాలంటే పిల్ల ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు ఉండాలి. మన చట్టం కూడా మౌనంగా ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టుగానీ చైల్డ్ సీటుగానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. దాన్ని వసూలు చేసేవాళ్లు మాత్రం అరుదు.

"మా చిన్నప్పుడు అంబాసిడర్‌లో తొమ్మిదిమందిమి ఎక్కి తిరుపతి వెళ్లాం, ఏమైంది?" అని అడిగే పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ ప్రశ్న అడగడానికి మిగిలినవాళ్లే అడుగుతున్నారన్నది అలా ఉంచితే, ఆనాటి ఇరుకు రోడ్డు మీద ఆ కారు పోయిన వేగం వేరు, నేటి నాలుగు వరసల రహదారి మీద వేగం వేరు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు, అందులో 8,331 మంది బండి నడిపేవాళ్లు కాదు, కూర్చుని వెళ్తున్నవాళ్లు. బెల్టు నడిపేవాళ్లకే చాలన్న నమ్మకాన్ని ఈ ఒక్క అంకె కొట్టేస్తుంది. సీటు ఖరీదు మాట కూడా నిజమే, మామూలు రకానికైనా కొన్ని వేలు పెట్టాలి, పిల్ల పెరిగితే మార్చాలి. అయితే అదే ప్రయాణంలో రెండు రాత్రుల గదికి అంతే ఖర్చు పెడతాం, దానికి బేరమాడం. ఇంకో మాట. కొన్న సీటును బయల్దేరే రోజు పొద్దున్నే మొదటిసారి బిగిస్తే పిల్ల ఊరు దాటేదాకా ఏడుస్తుంది. రెండు మూడు వారాల ముందే కూరగాయల బజారుకూ అమ్మమ్మగారింటికీ అందులోనే తీసుకెళ్తుంటే అది తన కుర్చీ అయిపోతుంది.

ఇక రాత్రి ప్రయాణం. దీన్ని సమర్థించేవాళ్ల వాదనలో బలముంది: పిల్లలు నిద్రపోతారు, ఎండ ఉండదు, ఊళ్లలో రద్దీ ఉండదు. కానీ పిల్లల నిద్ర గురించి ఇంతగా ఆలోచించినవాళ్లు నడిపేవాడి నిద్ర గురించి ఎందుకు ఆలోచించరు? తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా మనిషి శరీరం నిద్రనే కోరుతుంది. మధ్యాహ్నం భోజనం తరువాత ఇంకో చిన్న మందకొడి వేళ ఉంటుంది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి చురుకుదనంతో సమానంగా పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మన చట్టంలో డ్రైవరుకు మద్యం పరిమితి 0.03 శాతం. పొద్దున ఆరింటికి లేచి, ఆఫీసు పని ముగించుకుని, సామాన్లు సర్ది రాత్రి పదింటికి స్టీరింగు పట్టిన తండ్రి పదకొండింటికల్లా, అంటే సూర్యాపేట చేరకముందే, ఆ హద్దు దాటేస్తాడు. చుక్క తాగకుండానే! టీ తాగితే కాసేపు ఆగుతుంది తప్ప తీరే బాకీ కాదిది. పైగా రోడ్డు పక్కన లైట్లు వేయకుండా ఆపిన లారీలు, ఎదురుగా తప్పు దారిలో వచ్చే ట్రాక్టర్లు రాత్రిపూట దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. పిల్లల నిద్ర కలిసిరావాలంటే వేరే దారి ఉంది. ముందురోజు సాయంత్రానికే సామాను కారులో సర్దేసి, నడిపేవాళ్లు తొమ్మిదింటికి పడుకుని, తెల్లవారుతూనే అయిదున్నరకు బయల్దేరాలి. నిద్రలోనే ఎత్తుకొచ్చి సీట్లో కట్టిన పిల్లలు మరో రెండు గంటలు పడుకుంటారు. సంక్రాంతి రోజుల్లో మాత్రం పొగమంచు విడిచాకే కదలడం మంచిది. భోగికి ముందు రెండు రోజులు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్ల ఫొటోలు ఏటా పత్రికల్లో చూస్తూనే ఉంటాం. ఆ రెండు రోజులు తప్పించే వీలున్నవాళ్లు తప్పించాలి.

ఆలస్యమైతే వేగంతో పూడ్చుకుందామన్న ఆశ మరొకటి. 300 కిలోమీటర్లు సగటున 80లో వెళ్తే మూడు గంటల నలభై అయిదు నిమిషాలు, 100లో వెళ్తే మూడు గంటలు. మిగిలేది ముప్పావుగంట. దారిలో ఒక్క ఇడ్లీ మజిలీ దాన్ని తినేస్తుంది. ఆ ముప్పావుగంట కోసం గుద్దుకుంటే కలిగే శక్తి యాభై శాతానికి పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. మజిలీల కాలాన్ని ముందే లెక్కలో వేసుకున్నవాళ్లకు పూడ్చుకోవాల్సిన ఆలస్యమే ఉండదు. మ్యాపు చెప్పిన కాలానికి సగం కలుపుకోండి. అయిదు గంటలంటే ఏడున్నర.

ఇప్పుడు అదే అరకు దారిని మజిలీల లెక్కలో చూద్దాం. మొదటి రోజు విజయవాడ, సుమారు 275 కిలోమీటర్లు. సూర్యాపేట దాదాపు సగం దారి, పిల్లలు లేచే వేళకు అక్కడ ఉంటాం. రోడ్డు పక్క హోటల్లో టిఫినూ, శుభ్రమైన బాత్రూమూ దొరుకుతాయి. కానీ పిల్లలకు టిఫినుతో సమానంగా కావాల్సింది పరుగెత్తే చోటు, అది హోటలు ముందు కార్లు మలుపు తిరిగే జాగా కాకూడదు. హైవే నుంచి కొద్ది దూరంలో పిల్లలమర్రి ఉంది. కాకతీయుల నాటి గుడి, నల్లరాతి స్తంభాలు, విశాలమైన ఆవరణ. అరగంట అక్కడ విడిచిపెడితే తరువాతి రెండు గంటలు సుఖంగా గడుస్తాయి. మధ్యలో నందిగామ దగ్గర పావుగంట ఆగినా, మధ్యాహ్నం ఒంటిగంటకు విజయవాడలో అన్నం తిని మంచం మీద పడుకోవచ్చు. సాయంత్రం కొండపల్లి వెళ్తే బొమ్మలు చెక్కేవాళ్ల ముందు కూర్చోబెట్టవచ్చు. విజయవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్లు, నేను గీసిన గీత దాటింది. బడికి వెళ్లే వయసు పిల్లలైతే తట్టుకుంటారు. అంతకంటే చిన్నవాళ్లుంటే దాన్ని రెండుగా విరవాలి. రాజమండ్రికి మధ్యాహ్నానికి చేరి, కడియం నర్సరీల్లో మొక్కల మధ్య కాసేపు తిప్పి, రాత్రికి అన్నవరంలో ఆగితే మర్నాటికి విశాఖ 120 కిలోమీటర్లే మిగులుతుంది. సత్యదేవుడి ప్రసాదం అదనపు లాభం. ఇక అరకు ఘాట్. ఏ పిల్లకైనా కడుపులో తిప్పేది ఈ మలుపుల్లోనే. కారును విశాఖలోనే ఉంచి, పొద్దున్నే బయల్దేరే కిరందూల్ రైల్లో వెళ్లమంటాను. 2017 నుంచి దానికి అద్దాల బోగీ కూడా ఉంది, దారిలో యాభైకి పైగా సొరంగాలు వస్తాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ అరవడమే పిల్లలకు అరకు కంటే పెద్ద వినోదం. కారు ప్రయాణమని బయల్దేరాం గనక చివరిదాకా కారే నడపాలన్న పట్టుదల ఎందుకు?

సామాను సర్దడంలో మనవాళ్లు తిండి మరిచిపోరు, అది ఎక్కడ పెడుతున్నారన్నదే చూడాలి. వెనక అద్దం కింద పలక మీద పెట్టిన స్టీలు క్యారియరు గట్టిగా బ్రేకు వేస్తే నేరుగా తలల మీదికి వస్తుంది. బరువైనవన్నీ డిక్కీలో అడుగున ఉండాలి. దారికి పులిహోర మంచి ఎంపిక, చింతపండు పులుపు దాన్ని కాసేపు కాపాడుతుంది. పాలు కలిపిన దద్దోజనాన్ని వేసవిలో కారులో మధ్యాహ్నం దాకా ఉంచడం మంచిది కాదు. కదులుతున్న కారులో నాలుగేళ్లలోపు పిల్లలకు వేరుశనగ గుళ్లు, గట్టి చేగోడీలు, గుండ్రటి చాక్లెట్లు ఇవ్వకూడదు. ముందు కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి చూసేలోపే గొంతుకు అడ్డం పడవచ్చు. అరటిపండు, మెత్తటి ఇడ్లీ చాలు. వాంతులు అయ్యే పిల్లలకు బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకండి, పూర్తిగా ఖాళీగానూ ఉంచకండి. కిటికీలోంచి దూరంగా చూడమనండి. మందు వేయాలంటే ముందే పిల్లల డాక్టరును అడగాలి, పెద్దల మాత్రను సగం విరిచి వేయడం ప్రమాదం. ఓఆర్ఎస్ పొట్లాలు మందుల షాపులో కొని పెట్టుకోండి. ఆ పేరుతో డబ్బాల్లో అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని పొట్లం మీద రాసి ఉందో లేదో చూడాలి. పెద్ద పొట్లాన్ని లీటరు నీటిలో కలపాలి, గ్లాసులో కాదు.

ఒక్క విషయంలో మాత్రం సర్దుబాటు లేదు. టీ తాగడానికి దిగినప్పుడు, పడుకుందిలే అని పిల్లను కారులో వదలకూడదు. ఎండలో ఆపిన కారు లోపల వేడి గంటలో ఇరవై డిగ్రీలకు పైగా పెరుగుతుంది, అందులో అయిదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దం రెండు వేళ్ల సందు దించినా పెద్ద తేడా ఉండదు. పైగా పిల్లల ఒళ్లు పెద్దల కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఆగిన ప్రతిచోటా పిల్ల కూడా దిగాల్సిందే. కారు దారిలో చెడిపోతే జాతీయ రహదారి మీద 1033కు ఫోను చేసి, పిల్లల్ని కారులో కూర్చోబెట్టకుండా రోడ్డు అంచు కమ్మీల అవతలికి తీసుకెళ్లాలి.

ఫోను ఇస్తే ప్రశాంతంగా ఉంటారు కదా అంటారు. ఉంటారు, చూపు తెర మీద నిలవడంతో కడుపు తిరగడం మొదలయ్యేదాకా. పూర్తిగా వద్దనను. చదునైన రోడ్డు మీద, రోజు చివరి గంటకు దాచిపెట్టుకోవాల్సిన ఆఖరి అస్త్రమది. పాటలు, కథలు చెవులకే పని పెడతాయి గనక వాటితో ఆ ఇబ్బంది లేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం సెలవులది. ఉన్నవే అయిదు రోజులైతే, రానూపోనూ దారిలోనే అన్నీ ఖర్చు చేస్తే అరకు చూసేదెప్పుడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ రాత్రంతా నడిపి చేరినవాళ్లు మొదటి రోజంతా హోటల్ గదిలో నిద్రపోతారు, ఏడుస్తున్న పిల్లలతో సహా. అంటే ఆ రోజు వాళ్లకూ మిగలలేదు, దారిలో కాకుండా గదిలో పోయిందంతే. అయిదు రోజులే ఉంటే దగ్గరి ఊరు ఎంచుకోవడం మేలు. నాగార్జునసాగర్ హైదరాబాద్‌కు 150 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. నానమ్మ, తాతయ్యలతో కలిపి అయిదుగురు పట్టే కారులో ఏడుగురు సర్దుకుందామన్నా కుదరదు. ఎన్ని బెల్టులుంటే అందరే ఎక్కాలి. మిగిలినవాళ్లు రైల్లో వచ్చి కలవవచ్చు. సికింద్రాబాద్, విశాఖపట్నాల మధ్య 2023 జనవరి నుంచి వందే భారత్ కూడా నడుస్తోంది. పెద్దవాళ్ల మోకాళ్లకు అదే సుఖం.

ఈసారి సెలవులకు గది బుక్ చేసే ముందు ఒక కాగితం మీద మీ ఇంట్లో చిన్నపిల్ల రోజంతా ఏ వేళకు ఏం చేస్తుందో రాయండి. దాని పక్కన దారిలోని ఊళ్ల పేర్లు రాయండి. రెండూ కలిసిన చోట ఆగండి. ఎక్కడా కలవడం లేదంటే ఆ ఏడాదికి కారు వద్దు, రైలు టికెట్లు తీసుకోండి.